నిత్యరచనము, రచనావిక్రయము: సికిందరాబాదు తెలుగు రచయితల అనుభవము

తెలుగున గ్రంథములను గూర్చిన చరిత్రలు గలవు. పత్రికలను గూర్చిన చరిత్రలును గలవు. కాని ప్రతిదినమో, వారమునకు రెండుమారులో తప్పక వ్రాయవలసిన నియమమునకు తన్ను తాను కట్టుకొని, అదే కలముతో అమ్ముడుపోవలసిన రచనను గూడ సిద్ధపరచుకొన్న రచయిత యొక్క దినచర్యను మన సాహిత్యచరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు. ఈ రెండు పనులును పైకి ఒక్కటిగనే కనిపించును. రెండింటికిని కావలసినవి కాగితము, సిరా, కొంత ఏకాంతము. కాని వాని స్వభావములు వేరు. నిత్యరచనము నేటి పాఠకునికి నేడే చేరవలెను. దాని వెల పత్రిక వెలలో కలిసిపోవును. మరునాడు ఆ కాగితము దుకాణమున పొట్లమగును. అమ్ముడుపోవలసిన గ్రంథమునకు నెలలు పట్టును. దానికి అట్టమీద వెల యుండును. ఆ వెల యిచ్చువాడు దొరకువరకు అది బీరువాలో నిలిచియుండును. మొదటిది రెండవదానిని పోషించునా, లేక తినివేయునా అనునదే ఈ వ్యాసమున మేము పరిశీలింపదలచిన ప్రశ్న.

ఇందులకు మేము సికిందరాబాదును, దాని జంటనగరమైన హైదరాబాదును ఎన్నుకొంటిమి. 1806లో సికిందర్ జా పేర వెలసిన ఈ దండు పట్టణమున బ్రిటిషువారి యధికారము సాగుచుండెను. హుస్సేనుసాగరపు కట్ట దాటినచో నిజాము పాలన. 1874లో వాడి నుండి ఇచ్చటికి రైలుమార్గము వచ్చెను. కొంతకాలము కట్టకు ఈవల ఒక చట్టము, ఆవల ఒక చట్టము. నాణెములును రెండు. ఒకటి బ్రిటిషువారి కల్దారు, రెండవది నిజాము హాలీ సిక్కా. నూరు కల్దారు రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీలో చెల్లుట వాడుక. మద్రాసు పత్రికనుండి ప్రతిఫలము వచ్చినచో అది కల్దారు. నల్లగొండ పల్లెనుండి చందా వచ్చినచో అది హాలీ. రచయిత లెక్కల పుస్తకమునను రెండు ప్రభుత్వము లుండెనన్నమాట. అంతకంటె ముఖ్యమైన దింకొకటి గలదు. రాజ్యమున కార్యాలయభాష ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. తెలుగు చదువువాడు తన యింటివారి వలననో, ఊరి అయ్యవారి వలననో నేర్చుకొన్నవాడు. అట్టి పాఠకుని నమ్ముకొని తెలుగున నిత్యము వ్రాయుట యనగా నీరు పడునో పడదో తెలియని చోట బావి త్రవ్వుట వంటిది.

మనవారి సంగతికి పూర్వము ఆంగ్లదేశపు టుదాహరణ మొక్కటి చెప్పవలసియున్నది. ఏలయన మన వ్యాసరచయిత లనేకులు దానిని మనసునం దుంచుకొనియే కలము పట్టిరి. ఆడిసను, స్టీలు అను నిరువురు లండనులో నడిపిన స్పెక్టేటరు 1711 మార్చి 1న ప్రారంభమై, ఆదివారములు మినహా దినమున కొక వ్యాసము చొప్పున 1712 డిసెంబరు 6 వరకు 555 సంచికలు వెలువడెను. వెల ఒక పెన్నీ. 1712 ఆగస్టులో ముద్రపన్ను పడగా వెల రెట్టింపు చేయవలసివచ్చెను, చదువరులు తగ్గిరి. అయినను ఆ సంవత్సరము నవంబరులో ఆ వ్యాసముల సంపుటములపై హక్కులను ఇరువురు ప్రచురణకర్తలకు చెరియొక 575 పౌనులకు వారు విక్రయించిరి. పెన్నీకి దొరకిన కాగితము వేరు, ఇంటిలో నిలుపుకొను సంపుటము వేరు అను సూక్ష్మము వారికి తెలియును. పెన్నీకాగితము పాఠకుని అలవాటు చేసెను; సంపుటము ఆ యలవాటును సొమ్ము చేసెను.

స్పెక్టేటరు త్రోవలో 1913లో సువర్ణలేఖ యందు ప్రారంభమై, తరువాత ఆంధ్రపత్రిక కెక్కిన సాక్షి వ్యాసముల కర్త పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు పిఠాపుర సంస్థానము నాశ్రయించి యుండిరి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసున దినపత్రిక యయ్యెను. 1924లో భారతి వచ్చెను. ఈ భారమును మోసినది 1893లో పంతులుగారు బొంబాయిలో మొదలిడిన అమృతాంజనము. తెలుగువారి తలనొప్పులు తెలుగు పత్రికను పోషించినవని చెప్పుట పరిహాసము కాదు, లెక్కలమాట. మొత్తముమీద తీరాంధ్రమున నిత్యరచనమునకు వెనుక సంస్థానమో, వ్యాపారమో ఉండెను. తెలంగాణమున ఏమి యుండెనో చూతము.

తెలంగాణమున 1922లో ఇనుగుర్తి నుండి ఒద్దిరాజు సోదరుల తెనుగు పత్రికయు, నల్లగొండ నుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారి నీలగిరి పత్రికయు వెలువడినవి. రెండును వారపత్రికలు. వాని పిమ్మట 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రిక బయలుదేరెను. అది వారమునకు రెండుమారులు వచ్చుచుండెను. సురవరము ప్రతాపరెడ్డిగారు దానికి ప్రాణము. మద్రాసులో న్యాయశాస్త్రము చదివినవారు. హైదరాబాదున రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శిగా నుండినవారు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్రమహాసభకు అధ్యక్షులు. ఇన్ని పనులనడుమ వారమునకు రెండు సంచికల పుటలు నిండవలెను. వ్యాసములు పంపువారు తక్కువ. పంపినవారిలో కాలమునకు పంపువారు మరియు తక్కువ. కావున సంపాదకీయము మొదలు చిన్నచిన్న వ్యాఖ్యల వరకు ఆయనయే పెక్కు మారుపేర్లతో వ్రాసిరి. ఒకే వ్యక్తి పలువురుగా నటింపవలసివచ్చుట పత్రికకు దారిద్ర్యమే కాని రచయితకు గొప్ప వ్యాయామము. ఒక పేరున కోపముతో వ్రాసి, ఇంకొక పేరున నవ్వుచు వ్రాసి, వేరొక పేరున పండితునివలె ప్రశ్నింపవలెను.

ఇచ్చట ఒక చిన్న గణితము చేయుదము. వారమునకు రెండు చొప్పున సంవత్సరమునకు నూటనాలుగు సంచికలు. 1947లో దినపత్రికగా మారువరకు ఇరువదియొక్క సంవత్సరములు. నడుమ ఆగిన సంచికలను తీసివేసినను రెండువేలకు దగ్గరగా నిలుచును. సంచిక కొక్క రచనయే ఆయనదని పట్టుకొన్నను రెండువేల రచనలు. ప్రతాపరెడ్డిగారి గ్రంథముల పట్టికను ముందుంచుకొని హిందువుల పండుగలు, హైందవ ధర్మవీరులు, రామాయణ విశేషములు, మొగలాయి కథలు, ఆంధ్రుల సాంఘిక చరిత్ర అని వ్రేళ్ళు మడుచు విద్యార్థి, ఆ పట్టిక వెనుకనున్న ఈ రెండువేలను కూడ తలచుకొనవలెను. ఈ రెండువేలకు ఆయనకు విడివిడిగా ముట్టిన మూల్యము లేదు. పత్రికకు చందా రావలెను; చందా వచ్చినచో కాగితము వచ్చును; కాగితము వచ్చినచో మరల వ్రాయవలెను.

అయితే ఆ శ్రమ వ్యర్థమా? కాదనుటకు 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికయే సాక్ష్యము. తెలంగాణమున కవులు లేరని యొక పండితుడు వ్రాయగా, దానికి ప్రత్యుత్తరముగా ప్రతాపరెడ్డిగారు 354 మంది కవుల రచనలను కూర్చి ప్రకటించిరి. ఈ కథ అందరికిని తెలిసినదే. వీరావేశముతో చెప్పబడుచుండుటయు కలదు. కాని 354 మందిని రైళ్ళు, టపాలు అంతంతమాత్రమైన రాజ్యమున ఎట్లు పట్టుకొనగలిగిరను ప్రశ్న నెవ్వరును వేయరు. మాకు తోచినంతలో సమాధానమిది. ఎనిమిదేండ్లుగా వారమునకు రెండుమారులు ఊరూరికి పోవుచున్న కాగితము ఒక వలవలె పరచుకొని యుండెను. పత్రికను చదువు గ్రామాధికారి, ఆయన ప్రక్కయింటి శాస్త్రి, ఆ శాస్త్రి శిష్యుడు ఇట్లు వార్త ప్రాకెను. కోపము ఒకనాటిది కావచ్చును, వల మాత్రము ఒకనాటిది కాదు. ఆ సంచిక పుట్టుటకు కారణమైనది నిందావాక్యమైనను, దానిని సాధ్యము చేసినది ఎనిమిదేండ్ల నిత్యరచనమని మా యభిప్రాయము.

1949 నాటి ఆంధ్రుల సాంఘిక చరిత్రను ఇదేదృష్టితో చదివినచో ఇంకొక విశేషము కనిపించును. క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి మొదలగు కావ్యములనుండి తిండి, బట్ట, ఆటలు, నాణెములు, నమ్మకములు ఏరుకొని చరిత్ర కూర్చుట ఆ గ్రంథము పద్ధతి. నిఘంటుకారులు "క్రీడావిశేషము" అని చేతులు దులుపుకొన్న పదములకు అర్థము వెదకుట ఆ పద్ధతిలోని ముచ్చట. ఒకే దీర్ఘసిద్ధాంతమును తీసికొని తుదివరకు సాగదీయుట అందు లేదు. చిన్నచిన్న విషయములు, వానిపై వెంటనే ఒక వ్యాఖ్య, ఒక చురక, మరల ముందునకు సాగుట. ఇది పత్రికాసంపాదకుని నడక. కొందరు విమర్శకులు దీనిని లోపముగా ఎన్నవచ్చును. మేము అట్లు ఎన్నము. ఇరువదేండ్లు రెండు పుటలలో చెప్పవలసినది చెప్పి ముగించుట నేర్చిన చేతికి ఆ నడక తప్ప వేరొకటి రాదు. వచ్చియుండినచో ఆ గ్రంథమును పండితులు మాత్రమే చదివియుందురు.

ప్రతాపరెడ్డిగారు 1953 ఆగస్టు 25న పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమి తొలిసారి బహుమతులిచ్చినప్పుడు తెలుగున ఆ గౌరవము ఆంధ్రుల సాంఘిక చరిత్రకు దక్కెను. అప్పటి బహుమతి 5,000 రూపాయలు. రెండువేల రచనలకు విడిగా కాసు ముట్టని కలమునకు, ఆ కలము ఆగిన రెండేండ్లకు ఇంత మొత్తము చేరెను.

ఈ గోలకొండ పత్రికలోనే అచ్చుచిత్తులు దిద్దు ఉద్యోగమున ఒక యువకు డుండెను. ఆయనయే వట్టికోట ఆళ్వారుస్వామిగారు. 1915 నవంబరు 1న నల్లగొండ ప్రాంతమున జన్మించి, చిన్ననాటనే తండ్రిని పోగొట్టుకొని, ఒక ఉపాధ్యాయునికి వంటచేసిపెట్టుచు చదువు నేర్చి, బెజవాడలో హోటలున వడ్డనపని చేసి, తుదకు జంటనగరములకు చేరిరి. బడిలో చదివినది స్వల్పము. కాని ప్రూఫురీడరు పనియన నేమి? ఇతరులు వ్రాసినదానిని అక్షరమక్షరము చదువుట. సంపాదకుడు వారమునకు రెండుమారులు వ్రాసినది ఈ యువకుడు వారమునకు రెండుమారులు దిద్దెను. ఆళ్వారుస్వామిగారి విశ్వవిద్యాలయము అదియేయని మేము భావించుచున్నాము. ఇందులకు పట్టా లేదు కాని ఫలితము మన యెదుట నున్నది.

1938లో ఆయన సికిందరాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిరి. ఆ సంవత్సరము ఏప్రిలున దివంగతులైన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి బిరుదమే ఆ పేరు. పంతులుగారి పేరు తీసికొన్నారు కాని అమృతాంజనము వీరికెక్కడిది? గ్రంథమాలకు మూలధనము ఆయన కాళ్ళు. అచ్చయిన పుస్తకములను బుట్టలో పెట్టుకొని ఊరూర తిరిగి అమ్మిరి. రచయిత, ప్రకాశకుడు, కూలి, అంగడివాడు నలుగురును ఒక్కరే. ఇట్లు ముప్పదికి పైగా పుస్తకములు ఆ గ్రంథమాలనుండి వెలువడినవి.

పుస్తకముల వెలను గూర్చి కొంత చెప్పవలెను. ఆ దినములలో సికిందరాబాదుననే కె. సి. గుప్తగారి అణా గ్రంథమాల యుండెను. పేరే వెల తెలుపుచున్నది. అణాకు పుస్తకము వేయి ప్రతులు అచ్చువేసి, ఒక్కటియైన మిగులక, ఒక్కరును అప్పుపెట్టక అమ్ముడుపోయినను వచ్చునది 62 రూపాయల 8 అణాలు. అందునుండియే కాగితము, కూర్పు, కుట్టు, రైలు ఖర్చు, రచయిత భాగము. యుద్ధకాలమున కాగితమునకు కరవు వచ్చినప్పటి సంగతి చెప్పనక్కరలేదు. దేశోద్ధారక గ్రంథమాల వెలలు వేరైనను ఆర్థికమైన ఇరుకు ఇదియే. కావున ఆ కాలపు గ్రంథమాలలను నేటి ప్రకాశకుల వ్యాపారముతో పోల్చుట తగదు. వానిని గ్రంథాలయోద్యమపు కాలినడక శాఖలని పిలుచుట యుక్తము.

అయినను మాకు ఆశ్చర్యకరముగా నున్నది ఆ ఇరుకు కాదు. అమ్మకము ఆళ్వారుస్వామిగారి రచనకు చేసిన మేలు. పత్రికాసంపాదకునికి పాఠకుడు కనిపించడు. చందాపుస్తకమున పేరు మాత్రము కనిపించును. బుట్టతో తిరుగువానికి పాఠకుడు అరుగుమీద కూర్చుండి కనిపించును. ఏ పుస్తకమును త్రిప్పి చూచి మరల బుట్టలో వేసెనో, దేనిని తన కొరకు గాక పొరుగువాని కొరకు కొనెనో, చదువురానివాడు ఎవరిచేత చదివించుకొనుటకు కొనెనో అమ్మువానికి తెలియును. తరువాతి కాలమున వ్రాసిన ప్రజల మనిషి నవలయందలి దిమ్మెగూడెము, అందలి దొర, రైతులు, కంఠీరవుడు, గ్రంథాలయము, ఆంధ్రమహాసభ ఇవన్నియు బుట్ట దించిన అరుగులమీదినుండి చూడబడినవి. గ్రంథాలయమున కూర్చుండి వ్రాసిన నవల యిది కాదు. దీని శిల్పమున కొరతలు లేవని మేము వాదింపము. సంభాషణలు అచ్చటచ్చట ఉపన్యాసములగును. కాని తెలంగాణ పల్లెజీవితమునకు అది ఆధారగ్రంథముగా నిలిచినదనుటలో సందేహము లేదు.

నిత్యరచనమును ఆయన విడువలేదు. రామప్ప రభస అను శీర్షికతో రాజకీయ సాంఘిక వ్యంగ్యవ్యాసములు వ్రాసిరి. గుమాస్తాల కొరకు పనిచేసి గుమాస్తా అను పత్రికను నడిపిరి. సంఘములు, సభలు, సమ్మెలు వీనికి పోయినంత కాలము కలమునకు తగ్గెను. అందుపై జైలు. 1942 ఉద్యమమున ఒకసారి, తరువాత 1951 వరకు సుమారైదేండ్లు. నిజామాబాదు జైలున దాశరథిగారు ఆయనకు తోడు. 1949లో వెలువడిన అగ్నిధారను దాశరథిగారు ఆళ్వారుస్వామిగారికే అంకితమిచ్చిరి. బుట్ట లేదు, ప్రెస్సు లేదు, చందాదారులు లేరు. అమ్మకమునకు సంబంధించిన చేయి పూర్తిగా ఆగిపోయిన ఆ కాలమున రచయిత కన్ను మాత్రము ఆగలేదు. 1952 నాటి జైలు లోపల కథలలోని మనుష్యులు రాజకీయ ఖైదీలు కారు. దొంగతనమునకో, హత్యకో వచ్చినవారు. వారి ప్రక్కన కూర్చుండి మాటాడించి, వారు చెప్పినది మనసున నిలుపుకొన్నవాడే ఆ కథలు వ్రాయగలడు. నిత్యరచనమనగా నిత్యము అచ్చగుట కాదు, నిత్యము గమనించుట యని ఎవరైన అన్నచో ఈ పుస్తకమును చూపవచ్చును.

ఈ నడుమ హైదరాబాదున మీజాను దినపత్రిక తెలుగుశాఖకు 1944 నుండి 1947 వరకు అడివి బాపిరాజుగారు సంపాదకులుగా నుండిరి. చిత్రకారుడు, కవి, కళాశాలాధ్యక్షుడుగా పనిచేసినవాడు, చలనచిత్రములకు కళాదర్శకత్వము వహించినవాడు దినపత్రిక కుర్చీలో కూర్చుండుటయే ఒక వింత. గోన గన్నారెడ్డి 1945 నాటిది. కాకతీయుల గాథను హైదరాబాదు దినపత్రిక సంపాదకుడు ఆ యేడులలో ఎన్నుకొనుట కేవలము యాదృచ్ఛికము కాదు. బాపిరాజుగారి సంగతి విడిగా పరిశోధింపదగినది. ఇచ్చట ఇంతతో విడిచెదము.

మరల సికిందరాబాదునకు వత్తము. 1938లో ఈ పట్టణముననే పుట్టిన ఆంగ్లపత్రిక దక్కన్ క్రానికల్. ఆ సంస్థనుండి 1960లో ఆంధ్రభూమి తెలుగు దినపత్రిక వెలువడెను. దానికి సంపాదకులైన గోవిందు రామశాస్త్రిగారు గోరాశాస్త్రి యను పేర ప్రసిద్ధులు. అంతకుముందు మద్రాసున తెలుగు స్వతంత్ర వారపత్రికను నడిపి పేరు గడించిరి. వినాయకుడి వీణ యను వ్యంగ్యశీర్షిక వారి పేరుతో పెనవేసికొని పోయినది. కథలు వ్రాసిరి, రేడియో నాటికలు వ్రాసిరి, తెలుగున వలెనే ఆంగ్లమునను సంపాదకీయము వ్రాయగల సామర్థ్యము వారి కుండెను.

ఇచ్చట మనము చూచుచున్నది మూడవ ఏర్పాటు. చందా కాదు, బుట్ట కాదు, నెలజీతము. ప్రతాపరెడ్డిగారు పత్రికను బ్రతికించుటకు వ్రాసిరి. ఆళ్వారుస్వామిగారు పుస్తకము నమ్మి ఇంకొక పుస్తకము వేయుటకు వ్రాసిరి. గోరాశాస్త్రిగారు ఉద్యోగముగా వ్రాసిరి. జీతము గల నిత్యరచనము సుఖమని తోచును. నెలాఖరున కాగితపు అప్పు చెల్లింపవలసిన బాధ సంపాదకునికి లేదు. కాని దినపత్రిక వారమునకు రెండుమారులు వచ్చునది కాదు. రాత్రి టెలిప్రింటరు వార్త ఆగదు. ఉదయము పత్రిక రాక మానదు. సంపాదకీయమున పేరుండదు. నిన్న వ్రాసిన మంచివాక్యము ఎవరిదో నేటి పాఠకునికి తెలియదు. జీతము పుచ్చుకొన్నవాడు తన వ్యాసములను సంపుటములుగా కూర్చుకొనుటకు ఆతురత పడడు. పడుటకు తీరికయు లేదు. 1982లో గోరాశాస్త్రిగారు కీర్తిశేషులగు నాటికి ఆయన వ్రాసినదానిలో పుస్తకరూపము పొందిన భాగమెంతయో, పత్రికా కాగితముతో పోయిన భాగమెంతయో పోల్చి చూచినచో, ఆయన విషయమున నిత్యరచనము గ్రంథమును తినివేసినదని ఒప్పుకొనక తప్పదు. మేము ఈ మాట సంతోషముతో అనుట లేదు. అంతటి వ్యంగ్యము, అంతటి పొదుపు గల వాక్యము ఆ తరమున అరుదు.

అయినచో జీతము కలముకు చేటు చేయునా? అట్లు నియమము చేయలేము. లండనులో జాన్సను 1750 మార్చి నుండి 1752 మార్చి వరకు వారమునకు రెండుమారులు ర్యాంబ్లరు పత్రికకు వ్రాసి, వ్యాసమునకు రెండు గినీల చొప్పున పుచ్చుకొనుచునే, తన నిఘంటువును కూడ కూర్చుచుండెను. 208 సంచికలు వెలువడెను. వారమునకు రెండు అను లెక్క గోలకొండ పత్రికకును ర్యాంబ్లరునకును సమానము కావడము గమనింపదగినది. మూడు దినముల యెడము రచయితకు మిగిలినచో ఆ యెడమున పెద్దపని సాగును. ఒక్క రాత్రి మాత్రమే మిగిలినచో సాగదు. జీతముకంటె, చందాకంటె ఈ యెడమే నిర్ణాయకమని మాకు తోచుచున్నది. 1947లో గోలకొండ పత్రిక దినపత్రికగా మారిన కొలది కాలమునకే ప్రతాపరెడ్డిగారు తమ పెద్ద గ్రంథము పనిలో మునిగియుండుటను ఈ దృష్టితో పరిశోధకులు పరిశీలింపవచ్చును. నేడు తమ వ్యాసములను దినదినము తామే ప్రకటించుకొనుచు, వేరుగా కొన్నింటిని వెలకు ఇచ్చు యువరచయితలు మా విద్యార్థులలోను గలరు. వారు మమ్ము అడుగునదియు, ఎంత వ్రాయవలెనని కాదు, ఏది ఉచితముగా ఇచ్చి దేనిని దాచుకొనవలెనని. గోలకొండ కవుల సంచికను చూడుడని చెప్పుచుందుము. ఉచితమైన కాగితము పరచిన వలలోనే అమ్మదగిన గ్రంథము చిక్కెను.

ఈ చరిత్రను వ్రాయదలచినవారికి గల చిక్కును గూడ మనవి చేయుదుము. పుస్తకములు బీరువాలలో నున్నవి. నిత్యరచనము కట్టలలో నున్నది. ఒక గ్రంథాలయమున, దాని పేరు చెప్పనక్కరలేదు, మేము పాత తెలుగు పత్రికల కట్టలు విప్పి చూచితిమి. కాగితము చేతిలోనే పొడి యగుచుండెను. అది కాలధర్మము. కాని సంపాదకీయము లుండు పుటలే కొన్నియెడల బ్లేడుతో చక్కగా కోయబడి యుండెను. చెదపురుగు అంత తిన్నగా కోయదు. ఎవరో మనవంటి పరిశోధకుడే తన సిద్ధాంతవ్యాసమునకు ప్రతి వ్రాసికొను ఓపిక లేక ఆ పని చేసియుండునని అనుమానింపవలసియున్నది. ఇంకొక చిక్కు తేదీలది. పత్రికావ్యాసములను సంపుటముగా ముద్రించువారు తేదీలను తీసివేయుచుందురు. ఏ సమ్మె మరునాడు, ఏ వరద మరునాడు వ్రాసినదో తెలియనిచో నిత్యరచనము సగము చచ్చును. మూడవది మారుపేర్లు. ప్రతాపరెడ్డిగారి మారుపేర్ల పట్టికను పత్రికా సంచికలతో సరిపోల్చి, ఏ తేదీన ఏ పేరున ఏమి వ్రాసిరో తేల్చు పని ఒక విద్యార్థికి మూడేండ్లు పట్టును. ఆ పనికి పూనుకొనువారు మా శాఖలో ఉన్నచో మేము చేయగలిగిన సాయము చేయుదుము. ఆలస్యము చేయరాదు, ఆంధ్రభూమి ముద్రణ 2020లో ఆగిపోయినది. కాగితపు పత్రిక ఆగిన చోట దాని పాత కట్టల గతి యేమగునో అందరికిని తెలియును.

1960లో సికిందరాబాదున గోరాశాస్త్రిగారి పత్రిక మొదలైనప్పుడు ఆళ్వారుస్వామిగారు ఇంకను జీవించియే యుండిరి. 1956లో తెలంగాణ చరిత్రసంస్కృతులను గూర్చి పలువురి వ్యాసములను తెలంగాణము అను సంపుటములుగా కూర్చి ప్రకటించిన పిమ్మట, ప్రజల మనిషికి తరువాతి కథగా గంగు అను నవలను ఆయన వ్రాయుచుండిరి. 1961 ఫిబ్రవరి 5వ తేదీన, నలువదియారవ యేట, ఆయన కన్నుమూసిరి. నవల అసంపూర్ణముగా నిలిచిపోయెను. మిత్రులు దానిని ఉన్నది ఉన్నట్లుగా అచ్చు వేయించిరి.